నాలుగు మ్యాచ్ పాయింట్లు

రాజమహేంద్రవరం నుంచి జాతీయ రహదారి మీద కిందికి దిగితే వేమగిరి, ఆ తర్వాత కడియపులంక. రోడ్డుకు రెండు వైపులా నర్సరీలు, తెల్లవారకముందే కిటకిటలాడే పూల మార్కెట్, లారీల్లోకి ఎక్కుతున్న మొక్కలు. కడియం దాటి ముందుకెళితే జొన్నాడ, గౌతమి మీద వంతెన, అవతలి ఒడ్డున అరటి గెలల రావులపాలెం. అక్కడ ఎడమకు తిరిగి కొత్తపేట మీదుగా వెళితే అమలాపురం. మనం పెళ్లిళ్లకూ పేరంటాలకూ బస్సెక్కి వెళ్లొచ్చే దారి ఇది. ఈ గాథలో ఇద్దరు మనుషులు ఈ దారిలో పుట్టినవాళ్లే. కిదాంబి శ్రీకాంత్ పుట్టింది రావులపాలెంలో, పెరిగింది గుంటూరులో. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్‌ది అమలాపురం.

2022 మే 15, ఆదివారం. కోనసీమ పేరుతో కొత్త జిల్లా ఏర్పడి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. ఆ రోజు బ్యాంకాక్ శివార్లలోని ఇంపాక్ట్ ఎరీనాలో థామస్ కప్ ఫైనల్. ఒకవైపు పద్నాలుగు సార్లు ఆ కప్పు గెలిచిన ఇండోనేషియా. రెండోవైపు ఒక్కసారైనా ఫైనల్ ముఖం చూడని భారత్.

థామస్ కప్ అంటే పురుషుల బ్యాడ్మింటన్‌లో దేశాల మధ్య జరిగే ప్రపంచ పోటీ. 1949లో మొదలైంది. మన జట్టు 1952, 1955, 1979లలో చివరి దశ దాకా వెళ్లి ఆగిపోయింది. ప్రకాశ్ పదుకొనె కాలంలోనూ, పుల్లెల గోపీచంద్ కాలంలోనూ ఒకరిద్దరు మహా ఆటగాళ్లు ఉండేవారు తప్ప, అయిదు మ్యాచ్‌ల్లో మూడు గెలిచే జట్టు ఉండేది కాదు. ముఖ్యంగా డబుల్స్‌లో మనవాళ్లు ఓడిపోతారన్నది ముందే రాసిపెట్టుకున్న లెక్క. సింగిల్స్ మూడూ గెలిస్తేనే గట్టెక్కుతాం అనుకుని దిగేవారు. ఏ ఒక్కరు తడబడినా అంతే.

2022లో వెళ్లిన పదిమంది ఆ లెక్కను పక్కన పెట్టారు. జట్టు సభ్యులు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుని దానికి 'ఇట్స్ కమింగ్ హోమ్' అని పేరు పెట్టారు. కప్పు మన ఇంటికే వస్తోందని. ఒక్క మ్యాచ్ ఆడకముందే అలా పేరు పెట్టుకోవడం చూసినవాళ్లకు కుర్రతనంగా తోచి ఉండవచ్చు. గ్రూపు పేరు కప్పు తెచ్చిపెట్టదు. కానీ ఆ పేరు కింద పొద్దున్నా రాత్రీ మాట్లాడుకున్నవాళ్లు, సెమీస్‌దాకా వెళితే గొప్పే అన్న పాత మాటను తమ మధ్యకు రానివ్వలేదు. నాకు అందులో కనిపించేది అదే.

దారి పూలబాట కాలేదు. లక్ష్యసేన్ బ్యాంకాక్‌లో దిగగానే తిన్నది పడక అస్వస్థతకు గురయ్యాడు. గ్రూపులో జర్మనీ, కెనడాల మీద 5-0తో గెలిచినా, చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడారు. క్వార్టర్స్‌లో మలేషియా. తొలి సింగిల్స్‌లో లక్ష్య ఓడిపోయాడు. సాత్విక్, చిరాగ్ శెట్టి డబుల్స్ గెలిచి లెక్క సమం చేశారు. శ్రీకాంత్ గెలిచాడు. రెండో డబుల్స్ పోయింది. చివరికి హెచ్.ఎస్. ప్రణయ్ మీద భారం పడింది. గెలిచాడు, 3-2.

సెమీస్‌లో డెన్మార్క్‌తోనూ కథ అచ్చు అలాగే నడిచింది. ఒలింపిక్ విజేత విక్టర్ ఆక్సెల్సెన్ లక్ష్యను 21-13, 21-13తో ఓడించాడు. సాత్విక్ జోడీ మూడో గేమ్‌ను 22-20తో లాక్కుంది. శ్రీకాంత్ మూడు గేముల్లో గెలిచాడు. రెండో డబుల్స్ మళ్లీ పోయింది. 2-2. ప్రణయ్ దిగాడు. తొలి గేమ్‌లోనే కాలు జారి చీలమండ మెలిపడింది. వైద్యుడు వచ్చి చూశాడు. నొప్పితోనే ఆడిన ప్రణయ్ ఆ గేమ్ 13-21తో పోగొట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఆ క్షణాన గుండె జారనివాడు ఉండడు. తర్వాతి రెండు గేములు 21-9, 21-12. మెలిపడిన కాలితో ఇంత తేడాతో ఎలా గెలిచాడని అడిగితే శరీరశాస్త్రం ఒక్కటే పూర్తి జవాబు చెప్పలేదు.

ఇక ఫైనల్.

మొదట లక్ష్య. ఎదుట టోక్యో ఒలింపిక్స్ కాంస్య విజేత ఆంథోనీ గింటింగ్. తొలి గేమ్ 8-21. ఇరవై ఏళ్ల కుర్రాడు, కడుపు బాగాలేక టోర్నీ మొదలుపెట్టినవాడు, మలేషియా మీదా డెన్మార్క్ మీదా ఓడినవాడు. ఇప్పుడు ఫైనల్లో ఎనిమిది పాయింట్లకే గేమ్ ఇచ్చేశాడు. ఇంకా దిగజారతాడనే ఎవరైనా అనుకుంటారు. రెండో గేమ్ 21-17. మూడోది 21-16. భారత్ 1-0.

తర్వాత డబుల్స్. అవతల మహ్మద్ అహ్‌సాన్, కెవిన్ సంజయ సుకముల్యో. అహ్‌సాన్ హెంద్రా సెతియావాన్‌తో కలిసి మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. కెవిన్ మార్కస్ గిడియాన్‌తో కలిసి ఏళ్ల తరబడి ప్రపంచ నంబర్ వన్. ఆ ఇద్దరూ ఎప్పుడూ కలిసి ఆడే జోడీ కాదు, గిడియాన్ లేకపోవడంతో ఆ రోజు కూర్చిన జోడీ. అయినా నెట్ దగ్గర కెవిన్ చేతివేగానికి లోకంలో సాటి లేదు. అహ్‌సాన్ అనుభవమూ అంతే.

తొలి గేమ్ ఇండోనేషియాది, 21-18. రెండో గేమ్ చివరికి వచ్చేసరికి వాళ్లు మళ్లీ ముందున్నారు. మ్యాచ్ పాయింట్ దగ్గర నిలిచారు.

బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మ్యాచ్ పాయింట్ అంటే ఏమిటో ఆడని పాఠకుడికి చెప్పాలి. ఒక ర్యాలీ చాలాసార్లు ఇరవై సెకన్లు కూడా ఉండదు. సర్వీసు నెట్ మీదుగా వెంట్రుకవాసి ఎత్తులో వెళ్లాలి. రెండంగుళాలు లేస్తే అవతలివాడు ఎగిరి ముఖం మీదికి కొడతాడు. రెండంగుళాలు తగ్గితే నెట్‌కు తగిలి అక్కడే కథ ముగుస్తుంది. అంటే పదేళ్ల సాధన, ఏడాది ప్రయాణాలు, ఒక దేశం డెబ్బై మూడేళ్ల ఎదురుచూపు, అన్నీ వేలి చివర రెండంగుళాల తేడా మీద వేలాడతాయి. ఆ సమయంలో చేతులు బిగుసుకుంటాయి. కాళ్లు బరువెక్కుతాయి. ఇలాంటప్పుడు మామూలు ఆటగాడు చేసే తప్పు ఒకటుంది. కొట్టే దెబ్బ మానేసి, తప్పు జరగకుండా చూసుకునే దెబ్బ వేస్తాడు. షటిల్‌ను భద్రంగా అవతలికి పంపుతాడు. ఆ భద్రమే అవతలివాడికి వరం.

సాత్విక్, చిరాగ్ ఆ మ్యాచ్ పాయింట్‌ను కాపాడుకున్నారు. మళ్లీ ఒకటి. దాన్నీ కాపాడుకున్నారు. అలా ఆ గేమ్‌లో నాలుగుసార్లు ఓటమి ఒక్క పాయింటు దూరానికి వచ్చి వెనక్కి పోయింది. గేమ్ 23-21. మూడో గేమ్ కూడా ఆఖరిదాకా తేలలేదు, 21-19. భారత్ 2-0.

అప్పుడు దిగాడు శ్రీకాంత్. జొనాథన్ క్రిస్టీ మీద 21-15, 23-21. చివరి షటిల్ నేలను తాకగానే మిగతావాళ్లంతా కోర్టులోకి పరుగెత్తారు. డెబ్బై మూడేళ్ల కప్పు 3-0తో భారత్‌ది. ఆ టోర్నీలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ శ్రీకాంత్ గెలిచాడు.

ఆ నాలుగు పాయింట్ల దగ్గరకే మళ్లీ వెళదాం. అక్కడ ఆ ఇద్దరిలో పనిచేసింది ఏమిటి?

నమ్మకం, అంటారు అందరూ. మాట నిజమే. కానీ నమ్మకం చేతికి ఏం చేస్తుందో ఎవరూ వివరించరు. దాన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 1979లో అమెరికాలో వీన్‌బర్గ్, గౌల్డ్, జాక్సన్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కుర్చీలో కూర్చుని కాలు చాచి ఎంతసేపు నిలపగలరన్నది పోటీ. కొందరికి, నీ ప్రత్యర్థికి మోకాలి దెబ్బ ఉంది, బలహీనుడు అని చెప్పారు. మిగతావాళ్లకు, అతడు పరుగుపందేల వీరుడు, బరువులెత్తుతాడు అని చెప్పారు. నిజానికి ఆ ప్రత్యర్థి పరిశోధకుల మనిషే. ఎవరితో పోటీపడినా అతడే గెలిచేలా ఏర్పాటు. ప్రత్యర్థి బలహీనుడని నమ్మినవాళ్లు ఎక్కువసేపు కాలు నిలిపారు. ఇది ఊహించదగ్గదే. అసలు సంగతి రెండో విడతలో తేలింది. మొదటిసారి ఓడిన తర్వాత, గెలవగలమని నమ్మినవాళ్లు ఇంకా ఎక్కువసేపు నిలిపారు. గెలవలేమనుకున్నవాళ్లు మొదటిసారి కంటే ముందే దించేశారు. అందరివీ మామూలు కాళ్లే, అందరూ ఓడినవాళ్లే. ఓటమి తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ముందున్న నమ్మకం తేల్చింది.

8-21 తర్వాత లక్ష్యను, 13-21 తర్వాత ప్రణయ్‌ను, 18-21 తర్వాత సాత్విక్ జోడీని ఈ ప్రయోగం పక్కన నిలిపి చూడండి.

ఇంకొకటి. గోల్ఫ్ ఆటగాళ్ల మీద పరిశోధన చేసిన సియాన్ బైలాక్ ఒక విచిత్రం చూపించింది. ఆరితేరిన ఆటగాణ్ణి, నీ దెబ్బ ఎలా వేస్తున్నావో అడుగడుగునా గమనించుకుంటూ ఆడమంటే, అతడు ఉన్న ఆట కంటే అధ్వానంగా ఆడతాడు. చేతికి అలవాటైన పనిలో మనసు వేలు పెడితే పని చెడుతుంది. ఒత్తిడి చేసేది సరిగ్గా అదే. భయపడ్డవాడు తన మణికట్టును తానే కాపలా కాస్తాడు. తనమీద గురి ఉన్నవాడు చేతిని దాని పనికి వదిలి, కళ్లను షటిల్ మీద ఉంచుతాడు. నమ్మకం, లేని బలాన్ని తెచ్చిపెట్టదు. ఉన్న బలాన్ని వాడుకోనిస్తుంది. నేను చెప్పదలచింది ఇంతే, కానీ ఇది చిన్న విషయం కాదు. మన పిల్లల్లో ఎంతమంది తమకు వచ్చిన లెక్కను పరీక్ష హాల్లో చేయలేక వస్తున్నారో ప్రతి ఇంటికీ తెలుసు.

మరి ఆ గురి ఎక్కడి నుంచి వచ్చింది? అమలాపురంలో సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, తానూ బ్యాడ్మింటన్ ఆడినవాడు. అన్న ఆడుతుంటే చిన్నవాడు రాకెట్ పట్టాడు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించేనాటికి సాత్విక్ ఏడు నెలల పసివాడు. మోకాళ్లకు శస్త్రచికిత్సలు చేయించుకున్న ఒక తెలుగువాడు, అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టినవాడు, ప్రపంచంలోనే పేరున్న ఆ పోటీ గెలిచాడు. తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ అకాడమీ కట్టాడు. 2014లో సాత్విక్ ఆ అకాడమీకి చేరేసరికి, పక్క కోర్టుల్లో సింధు, శ్రీకాంత్ సాధన చేస్తున్నారు. రెండేళ్లకు సింధు రియోలో రజతం తెచ్చింది. 2017లో శ్రీకాంత్ ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచాడు. మరుసటి ఏడు కొద్దిరోజులు ప్రపంచ నంబర్ వన్.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మూలస్తంభం. మనిషికి తన శక్తి మీద నమ్మకం నాలుగు తావుల నుంచి వస్తుందన్నాడు ఆయన. తాను చేసి గెలిచిన పనుల నుంచి, తనలాంటివాడు గెలవడం చూడడం నుంచి, నమ్మదగ్గవాళ్లు చెప్పే మాట నుంచి, తన ఒంట్లో కలిగే అలజడిని తాను ఎలా అర్థం చేసుకుంటాడన్నదాని నుంచి. వీటిలో మొదటిది అన్నిటికంటే బలమైనదన్నాడు. మాటకు అంత బలం లేదు. వేదికలెక్కి రెండు గంటలు ఉత్సాహం పోసేవాళ్లు ఈ వరుసను గుర్తుపెట్టుకుంటే బాగుండును. రెండోది మాత్రం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. తనలాంటివాడు. డెన్మార్క్ వీరుడు గెలిస్తే అమలాపురం పిల్లవాడికి అది వార్త. గుంటూరు అన్న గెలిస్తే దారి.

మూడోది, నమ్మదగ్గవాడి మాట, ఒక మలేషియా మనిషి నుంచి వచ్చింది. టాన్ కిమ్ హెర్ భారత డబుల్స్ కోచ్‌గా వచ్చి, ముంబయి కుర్రాడు చిరాగ్‌ను, అమలాపురం కుర్రాడు సాత్విక్‌ను ఒక జట్టు చేశాడు. ఇద్దరూ వెనక కోర్టు నుంచి విరుచుకుపడే రకమే. అలాంటి ఇద్దర్ని ఒకచోట పెడితే నెట్ దగ్గర నిలిచేదెవరు? మొదట్లో వాళ్లకే ఆ జోడీ మీద గురి కుదరలేదు. కోచ్‌కు కుదిరింది. చిరాగ్ ముందు కోర్టు నేర్చుకున్నాడు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం. 2019 ఆగస్టులో ఇదే బ్యాంకాక్‌లో థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్లో చైనా జోడీ లి జున్‌హుయ్, లియు యుచెన్‌లను ఓడించి, సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుల జోడీ అయ్యారు.

ఆ తర్వాత టోక్యో. అక్కడ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచారు. వాటిలో ఒకటి తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ మీద, మూడో గేమ్ 27-25. గేముల తేడా లెక్కలో వెనకబడి ఇంటికొచ్చేశారు. వాళ్ల చేతిలో ఓడిన లీ యాంగ్ జోడీయే చివరికి ఒలింపిక్ స్వర్ణం ఎత్తుకెళ్లింది. పతకాల పట్టికలో మన జోడీకి సున్నా. కానీ ఆ ఇద్దరికీ ఒక సంగతి చేతికి తెలిసిపోయింది. లోకంలోకెల్లా మేటి జోడీని ఇరవై అయిదు దాటిన గేమ్‌లో, ఊపిరాడని చోట ఓడించాం అని.

కడియం నర్సరీ రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నీడవల కింద ముద్దుగా పెంచిన మొక్కను నేరుగా లారీ ఎక్కించి ఢిల్లీ ఎండకు పంపరు. ముందు కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎండ చూపిస్తారు. ఆకు గట్టిపడుతుంది. అలా గట్టిపడని మొక్క ఎంత పచ్చగా కనిపించినా కొత్త నేలలో వాలిపోతుంది. బ్యాంకాక్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లను తట్టుకున్న జోడీ, పది నెలల ముందు టోక్యో ఎండ తిన్న జోడీ.

శ్రీకాంత్ తిన్నది ఇంకా పెద్ద ఎండ. నంబర్ వన్ అయ్యాక మోకాలు, చీలమండ, ఫామ్, అన్నీ ఒకదాని వెనక ఒకటి మొరాయించాయి. టైటిళ్లు ఆగిపోయాయి. కోవిడ్ వల్ల అర్హత పోటీలు రద్దయి టోక్యో ఒలింపిక్స్‌కే వెళ్లలేకపోయాడు. ఇక అతడి పని అయిపోయిందని రాసినవాళ్లు చాలామంది. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని హువెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు వెళ్లి రజతం తెచ్చాడు. భారత పురుషుల్లో అంతకుముందు ఆ ఫైనల్ ఆడినవాడు లేడు. మరో అయిదు నెలలకు బ్యాంకాక్. క్రిస్టీతో రెండో గేమ్ 21 దాటి వెళ్లినప్పుడు, కోర్టులో ఉన్నది పడి లేచిన మనిషి.

ఇక్కడితో ఆపితే గాథ అందంగా ఉంటుంది, కానీ నిజం సగమే చెప్పినట్టవుతుంది. సాత్విక్ జోడీకి ఒక కొరుకుడుపడని కొయ్య ఉండేది. మలేషియాకు చెందిన ఆరోన్ చియా, సో వూయ్ యిక్. ఆ ఇద్దరితో ఎనిమిదిసార్లు ఆడి ఎనిమిదిసార్లూ ఓడారు. థామస్ కప్ గెలిచిన మూడు నెలలకే, 2022 ఆగస్టులో, కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లోనూ వాళ్ల చేతిలోనే. అదే నెలలో టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లోనూ వాళ్ల చేతిలోనే, తొలి గేమ్ 22-20తో గెలిచి కూడా. కాంస్యం దక్కింది, డబుల్స్‌లో భారత పురుషులకు అది మొదటి ప్రపంచ పతకం. మలేషియా జోడీ ప్రపంచ ఛాంపియన్లయింది.

ప్రపంచాన్ని గెలిచిన జట్టులోని ఇద్దరు, ఒకే జోడీ ముందు మాత్రం ప్రతిసారీ ఓడుతున్నారు. నమ్మకం సర్వవ్యాపకం కాదని దీన్ని మించి ఏం చెబుతుంది? బండూరా కూడా ఈ నమ్మకం ఫలానా పనికి, ఫలానా సందర్భానికి చెందినదనే చెప్పాడు. అన్నిటికీ ఒకే సీసాలోంచి పోసుకునే మందు లేదు.

కోచ్ మథియాస్ బో దగ్గర సాధన సాగింది. డెన్మార్క్‌కు లండన్ ఒలింపిక్ రజతం తెచ్చిన డబుల్స్ ఆటగాడు ఆయన. 2023 ఏప్రిల్ 30న దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా తర్వాత భారతీయులకు ఆ టైటిల్ మళ్లీ అప్పుడే. జూన్ 18న జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్. అవతల చియా, సో. తొమ్మిదోసారి. 21-17, 21-18. రెండే గేముల్లో ముగిసింది. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో అదే జోడీ మీద 21-17, 21-12. మర్నాడు దక్షిణ కొరియా జోడీని ఓడించి, ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారత్‌కు తొలి స్వర్ణం తెచ్చారు. ఆ వారమే ప్రపంచ నంబర్ వన్. అదే ఏడు ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచిన సాత్విక్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. ఆ చేయి ఎనిమిది ఓటముల కాలంలోనూ అతడిదే.

2024 ఆగస్టు 1, పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. మళ్లీ ఆ మలేషియా జోడీయే. పతకం ఖాయమని దేశమంతా అనుకున్న జంట మనది. తొలి గేమ్ 21-13. అమలాపురంలో ఎన్ని ఇళ్లలో టీవీల ముందు మనుషులు అప్పటికే లేచి నిలబడి ఉంటారో ఊహించుకోవచ్చు. తర్వాత 14-21, 16-21. అయిపోయింది.

ఆ రోజు వాళ్లకు నమ్మకం తక్కువైందా? అలా అనేవాళ్లను నేను ఒప్పుకోను. నాలుగు మ్యాచ్ పాయింట్లను మింగినవాళ్లకు పారిస్‌లో నమ్మకం ఎందుకు లేకపోతుంది? అవతలివాళ్లకూ నమ్మకం ఉంది, అవతలివాళ్లూ ఆ రోజు బాగా ఆడారు. నమ్మకం గెలుపుకు హామీపత్రం కాదు. దాన్ని అలా అమ్మినప్పుడే ఓడినవాడి నెత్తిన రెండో దెబ్బ పడుతుంది. ఓడావు కనుక నీలో నమ్మకం లేదు, నీలో నమ్మకం లేదు కనుక తప్పు నీదే. మన కోచింగ్ తరగతుల గోడల మీద మెరిసే వాక్యాల వెనక ఈ తీర్పు దాక్కుని ఉంటుంది. ర్యాంకు రాని పిల్లలు దాన్ని రాత్రింబవళ్లు మోస్తున్నారు. ఈ పెంపకం మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది.

2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి గుండెపోటుతో కన్నుమూశారు. రాకెట్ చేతికిచ్చిన మనిషి. ఆ ఏడాదే టాన్ కిమ్ హెర్ మళ్లీ కోచ్‌గా వచ్చాడు. ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు పారిస్‌లో, ఒలింపిక్స్ జరిగిన ఆ హాల్లోనే జరిగాయి. క్వార్టర్ ఫైనల్లో ఎదురైనవాళ్లు చియా, సో. అదే మెట్టు, అదే నేల, అదే జోడీ. ఏడాది కిందటి ఆ రెండు గేములు మనసులో మెదలకుండా ఉంటాయా? 21-12, 21-19తో సాత్విక్, చిరాగ్ గెలిచారు. సెమీస్‌లో చైనా జోడీ చేతిలో మూడు గేముల్లో ఓడి కాంస్యంతో తిరిగొచ్చారు. ఒలింపిక్ పతకం ఇప్పటికీ లేదు.

కడియం నుంచి అమలాపురం దాకా ఉన్న బడుల పెద్దలకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించకండి. ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి ఎన్నికల పనికీ ఫీజుల పనికీ తిప్పకండి, మైదానంలో ఉండనివ్వండి. మండలానికి ఒక్క పైకప్పున్న బ్యాడ్మింటన్ కోర్టయినా వేయండి. పిల్లవాడు ఓడి ఇంటికొచ్చిన సాయంత్రం, నీలో పట్టుదల లేదు అనకండి. స్కోరెంత అని అడగండి. పోయినసారి ఎన్ని పాయింట్ల దగ్గర ఓడాడో, ఈసారి ఎన్ని దగ్గరో వాడితోనే చెప్పించండి. అన్నం పెట్టండి, మర్నాడు పొద్దున మళ్లీ ఆటకు పంపండి.